ఎర్ర కారు దగ్గు

తాళం తిప్పగానే ఇంజన్ స్టార్ట్ కావడం కంటే గొప్ప సంగతి మా పనిలో లేదని నేను చాలాకాలం నమ్మాను. బండి ఎంత పాతదైనా సరే, పొద్దున్నే మొదటి తిప్పుకే అందుకుంటే మెకానిక్ పాసు, లేకపోతే ఫెయిలు. ఈ లెక్కలో ఏదో తక్కువైందని నాకు చెప్పింది చూపులేని ఒక ముసలమ్మ. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఇంజన్లు సరిచేసే మీలాంటి పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి సలహాలు అడుగుతుంటారు. సలహాలు నా దగ్గర పెద్దగా లేవు. మీకు నాకంటే ఎక్కువే తెలుసు. ఈ ఒక్క కారు సంగతి మాత్రం చెబుతాను, తీరికుంటే వినండి.

నాది సంగారెడ్డి. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, ట్రాక్టర్లకు వైరింగ్ కట్టే ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పనిచేశాను. అది మూతబడ్డాక పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డులో చేరాను. పాడుబడ్డ కార్లను మళ్లీ రోడ్డెక్కించడం అక్కడి పని. వచ్చినవాళ్లు నన్ను చూసి "మేడమ్, మేస్త్రీ లేడా?" అని అడిగేవాళ్లు. "ఉన్న. నేనే. చెప్పుండ్రి" అంటే వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమో అని చూసేవాళ్లు. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత్తర్వాత సరదాగా ఉండేది. నేను కాస్త నోటి దురుసు మనిషిని, దాచడమెందుకు.

షెడ్డులో కార్బొరేటర్ల మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. వాళ్ల నాన్న ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి కోస్తా నుంచి కాపురం పెట్టాడట. ఈయన ఇక్కడే పుట్టి పెరిగినా మాటలో గోదావరి పోలేదు. గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కు అందించే ఆ ఇత్తడి, అల్యూమినియం ముక్కల మీద ఆయనకు ఉన్న ప్రేమ చూస్తే వాళ్లావిడకు ఈర్ష్య కలగాలి. నేనేమో వైర్ల మనిషిని. నా వైర్లను ఆయన సేమ్యా అనేవాడు.

"ఇంత సేమ్యా ఎందుకమ్మాయ్, ఇంజన్‌కి పాయసం పెడతావా ఏంటి?"

"మీ కార్బొరేటర్‌కు రోజు దిష్టి తీస్తెగాని నడవది గదన్నా. దానికన్న పాయసమే నయం."

ఇలా సాగేది మా రోజు. ఆయన స్క్రూ ఒక పావు వంతు తిప్పి ఇంజన్ మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. నేను పక్కన నిలబడి "నిద్ర పట్టిందా?" అనేదాన్ని. ఒకరి పనిని ఒకరు ఎంత తిట్టుకున్నా, మధ్యాహ్నం ఆయన టిఫిన్ డబ్బాలో గోంగూర సగం నాకే.

ఒకరోజు ఇస్మాయిల్‌ఖాన్‌పేట అవతలి ఊరి నుంచి డీసీఎం వ్యానులో ఒక కారు వచ్చింది. ఎర్రది, పొట్టిది, రెండే సీట్లది. ఇంజన్ వెనకాల ఉంటుంది. దానికి రేడియేటర్ లేదు, నీళ్లు లేవు, పెద్ద ఫ్యాను విసిరే గాలికే చల్లబడాలి. విదేశాల్లో ఇలాంటి వాటిని రేసు కార్లని నెత్తిన పెట్టుకుంటారు. మా షెడ్డుకు వచ్చేసరికి దాని సీటు మీద గడ్డిపోచలు, ఒక కోడిగుడ్డు పెంకు ఉన్నాయి.

అలాంటి కారు ఆ పల్లెకు ఎలా చేరిందో దాన్ని తెచ్చిన ఆమె చెప్పింది. పంటల మీద పరిశోధన చేయడానికి వచ్చిన ఒక విదేశీ శాస్త్రవేత్త దాన్ని ఓడ మీద తెప్పించుకున్నాడు. ఆయన దగ్గర డ్రైవరుగా పనిచేసినవాడు ఈమె తండ్రి, కూలి చేసుకుని బతికిన ఇంటివాడు. శాస్త్రవేత్త తన దేశం వెళ్లిపోతూ కారును ఆయన చేతిలో పెట్టి పోయాడు. ఇక ఊళ్లో ఎవరి పెళ్లి జరిగినా పెళ్లికొడుకు ఆ కారెక్కాల్సిందే. సీట్లు రెండే కాబట్టి పెళ్లికూతురు వెనకాల ట్రాక్టర్‌లో వచ్చేదట.

తండ్రి పోయి కొన్నేళ్లయింది. కూతురికి నలభై దగ్గర ఉంటాయి, మందుల ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో చేస్తుంది. కారు మీద చెయ్యి వేసి నిలబడి మాట్లాడింది.

"మా నాయిన తప్ప దీన్ని ఎవ్వరు చాలూ చెయ్యలే అక్కా. నేర్పిస్త నేర్పిస్త అనుకుంటనే పోయిండు. అమ్మకేమో షుగరుతోటి చూపు పోయింది, ఒంట్ల గూడ సత్తువ లేదు. దసరాకు అమ్మోరి గుడికి ఈ బండ్లనే పోవాలె అంటది. ఏటా నాయిన గట్లనే తీస్కపోతుండె. వచ్చే దసరా దాంక ఉంటనో లేదో అని ఒకటే పరేషాన్ చేస్తున్నది. నేనే తోలాలె. తాళం తిప్పుతె చాలూ గావాలె, నడుమల ఆగొద్దు. ఇంకేం వద్దు నాకు."

ఇంత తేటగా పని చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. అందుకే నాకు ఆమె వెంటనే నచ్చింది.

ముందు తనకు వదిలేయమన్నాడు అన్న. కారుకు కార్బొరేటర్లు రెండు, ఇంజన్‌కు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఇప్పటి పెట్రోలు వాటి లోపలి రబ్బరును జిగురులా చేసేసింది. ఆ మోడల్ స్పేర్లు ఇక్కడ దొరకవు. జీపు ముక్క ఒకటి, స్కూటర్ ముక్క ఒకటి తెచ్చి, అరగదీసి, అతికించి మొత్తానికి ఇంజన్‌ను నడిపించాడు. వేడెక్కేదాకా బాగానే ఉండేది, వేడెక్కాక ఆగిపోయేది. ఒకరోజు మొండిగా హైవే మీదికి తీసుకుపోయాడు. ఇస్నాపూర్ చౌరస్తా నడిబొడ్డున అది నిలిచిపోయింది. లారీలన్నీ వెనక నుంచి హారన్లు. చివరికి ఒక ఆటో అతను తన ఆటోలో కూర్చునే ఒక కాలు చాపి, బంపరుకు ఆనించి, షెడ్డు దాకా తోసుకొచ్చాడు. రేసు కారును అలా తోసుకొచ్చానని ఆ ఆటో అతను ఇప్పటికీ చెప్పుకుంటూ ఉండాలి.

అన్న కారు దిగి, చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"సరే అమ్మాయ్. ఇక నీ సేమ్యా వండు" అన్నాడు.

ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. అందుకే ఆ ఒక్కరోజు ఎగతాళి చేయలేదు.

కార్బొరేటర్లు తీసేసి, వాటి చోట ఇంజెక్టర్లు పెట్టాలి. ఎప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలో ఒక చిన్న కంప్యూటర్ డబ్బా లెక్క చూసి చెబుతుంది. దానికి ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత గాలి పీలుస్తోంది, ఎంత వేడిగా ఉంది, ఇవన్నీ సెన్సర్లు కబురు పంపుతుండాలి. క్లుప్తంగా ఇంతే. వైర్లు నేను కట్టాను, ఇనుప పని అన్న చేశాడు. తన చేత్తో తన కార్బొరేటర్ల స్థానంలో వేరేవాటిని బిగిస్తూ గొణుక్కునేవాడు, అయినా ఒక్క బోల్టు కూడా వంకరగా బిగించలేదు.

ఒకచోట ఇద్దరం బోల్తా పడ్డాం. ఇలాంటి కంప్యూటర్లన్నీ ఇంజన్ వేడిని నీళ్లలో కొలవడానికి అలవాటుపడ్డవి. ఈ ఇంజన్‌లో నీళ్లెక్కడివి? ఆలోచించి ఆలోచించి వేడి సెన్సర్‌ను ఫ్యాను డొప్పలో పెట్టాం. ఇంజన్ స్టార్టయి కాసేపటికి నల్లపొగ, పెట్రోలు కంపు, ప్లగ్గులన్నీ మసి. మళ్లీ తుడవడం, మళ్లీ మసి. ఇంజన్ మండిపోతున్నా, ఫ్యాను చల్లగాలి తగిలి సెన్సర్ మాత్రం "చలిగా ఉంది, ఇంకొంచెం పొయ్యండి" అని కబురు పంపుతోంది. జ్వరమొచ్చినవాడి చంకలో పెట్టాల్సిన థర్మామీటరును ఫ్యానుకు కట్టినట్టు అయింది మా తెలివి.

"అక్కడ పెట్టమన్నది నువ్వే కదా?"

"బిగించింది మీరే గదన్నా."

దాని మీద తగువు టీ అయ్యేదాకా సాగింది. తర్వాత సెన్సర్‌ను ప్లగ్గు మొదట్లో, ఇంజన్ ఒంటికి తగిలేట్టు బిగిస్తే పొగ పోయింది.

ఆపైన మిగిలింది రోడ్డు మీద సరిచేయడం. రోజూ సాయంత్రం అన్న స్టీరింగు పట్టేవాడు, నేను పక్క సీట్లో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకునేదాన్ని. రుద్రారం దాటి కంది దాకా పోయి తిరిగొచ్చేవాళ్లం. "ఇక్కడ లాగుతోందమ్మా." "ఇప్పుడు?" "ఆ, ఇప్పుడు హాయిగా ఉంది." ఆయన కాలితో చెప్పేది నేను అంకెల్లో రాసేదాన్ని. చున్నీ గాలికి కొట్టుకుపోతుంటే దాని కొస పళ్ల మధ్య పట్టుకుని టైపు చేసేదాన్ని. రోడ్డు పక్క మొక్కజొన్న కంకుల బుట్టలవాళ్లు మమ్మల్ని చూసి చేతులూపేవాళ్లు. నా ఉద్యోగమంతటిలో నాకు తిరిగి కావాల్సింది ఏదైనా ఉందా అంటే, జీతం కాదు, వయసు కాదు, ఆ సాయంత్రాలే. అప్పుడు తెలియలేదు, పని ఎప్పుడవుతుందా అని విసుక్కునేదాన్ని.

దసరా ముందురోజుకు కారు తయారైంది. చల్లగా ఉన్నప్పుడైనా, వేడిగా ఉన్నప్పుడైనా తాళం తిప్పడం ఆలస్యం, అందుకునేది. నా పనిలో అంత శుభ్రమైన పని అంతకుముందూ లేదు, తర్వాతా లేదు.

ఆ రోజు మా షెడ్డులో ఆయుధపూజ. పనిముట్లన్నీ కడిగి, ఎర్రగుడ్డ మీద పేర్చి, పసుపు కుంకుమ పెడతారు. ఒకసారి పూజలో పెట్టాక మర్నాడు పొద్దున కొబ్బరికాయ కొట్టేదాకా వాటిని ఎవరూ ముట్టరు. అన్నకు ఇందులో పట్టింపు ఎక్కువ. నేను వచ్చేసరికి పానాలు, స్క్రూడ్రైవర్లు, సుత్తుల మధ్యలో నా లాప్‌టాప్ ఉంది. మూత మీద కుంకుమ బొట్లు, పైన ఒక బంతిపువ్వు.

"ఇదేందన్నా?"

"నీ ఆయుధం కాదా అది? ఇన్నాళ్లూ నేనే చిన్నచూపు చూశాను. తప్పు కదూ."

నవ్వొచ్చింది. పని ఎలాగూ అయిపోయింది కదా, ఉండనీలే అనుకున్నాను.

కాసేపటికి కూతురు తల్లిని ఆటోలో తీసుకొచ్చింది. కారును ముందే చూపిస్తే మర్నాడు గుడికి బయల్దేరడం తేలికవుతుందని. ముసలమ్మ సన్నగా, నిటారుగా ఉంది. కూతురి భుజం పట్టుకుని వచ్చి, కారు మీద చెయ్యి పెట్టి, తలుపు వెంబడి తడుముకుంటూ పోయింది. వెనక మూల ఒక సొట్ట దగ్గర చెయ్యి ఆగింది.

"గిది ఎద్దు పొడిసిన సొట్ట" అంది. మొహమంతా విప్పారింది.

అంతకుముందు ఆ సొట్టను సాపు చేద్దామని నేనంటే, అడక్కుండా ఏదీ మార్చొద్దని అన్నే ఆపాడు. ఆ క్షణాన ఆయనకు మనసులో దండం పెట్టుకున్నాను.

కూతురు సీట్లో కూర్చుని నావైపు చూసి తాళం తిప్పింది. ఇంజన్ వెంటనే అందుకుంది. ఎక్కడా తడబాటు లేదు. నేను గర్వంగా ముసలమ్మ మొహం చూశాను. ఆమె చెయ్యి కారు మీది నుంచి వెనక్కి వచ్చేసింది.

"బంజెయ్యి" అంది.

కూతురు ఆపింది.

"ఇది మా బండి గాదు."

"అమ్మా, గదేనే. ఇప్పుడే గదా సొట్ట పట్టి చూసినవ్."

"రేకు మాదే. లోపల వేరేది పెట్టిన్రు. మా ఆయన బండి గిట్ల ఒక్కపారికే చాలూ గాదు. నాకు కండ్లు లేవుగని చెవులున్నయి బిడ్డా. నన్ను ఇంటికి తీస్కపో. రేపు నేను యాడికి రాను."

కూతురు స్టీరింగు మీద తల పెట్టుకుంది.  షిఫ్టులు మార్చుకుని, సెలవులు పోగేసుకుని, డ్రైవింగు నేర్చుకుని చేసిన పని అది.  నాకైతే బాధకు ముందు కోపం వచ్చింది. తాళం తిప్పితే స్టార్ట్ కావాలన్నారు, అయింది. ఇంకేం చేయాలి?

"ఇంజను గదేనమ్మా, పెట్రోలు పోసే సామానే మార్చినం. ఇప్పుడు మంచిగున్నది, ఎన్నడు సతాయించది" అన్నాను, కాస్త గట్టిగానే.

"సతాయించకుంటె ఇగ ఆయన బండి ఎట్లయితది?" అంది ముసలమ్మ.

 అన్న ఒక కుర్చీ తెచ్చి ఆమెను కూర్చోబెట్టాడు. ప్రసాదం గుగ్గిళ్లు ఆకులో పెట్టి చేతికిచ్చాడు. తనూ ఒక డబ్బా బోర్లించుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"అయితే అమ్మా, ఆయన ఉన్నప్పుడు ఎలా స్టార్టయ్యేది? నాకు చెప్పండి, తెలుసుకుంటాను."

ముసలమ్మ గుగ్గిళ్లు నములుతూ చెప్పింది.

"ముందుగాల పెడలు రెండుమాట్ల తొక్కుతుండె. కిర్రు కిర్రు అని ఇనబడుతుండె. జెర ఆగుతుండె. లే తల్లీ, అంటుండె. మా ఇంట్ల బర్రెను గూడ గట్లనే లేపుతుండె. అప్పుడు తాళం. అది కుయ్ కుయ్ కుయ్ అని గునుస్తుండె. ఆనంక దగ్గుతుండె."

"దగ్గా? ఎలా?"

ఆమె దగ్గి చూపించింది. ఖళ్. ఆగి, ఖళ్ ఖళ్. అన్న అలాగే దగ్గాడు.

"గట్ల గాదు కొడుకా. గంత గట్టిగ గాదు. బీడీ తాగేటోడు పొద్దుగాల లేసి దగ్గుతడు సూడు, గట్ల."

అన్న మళ్లీ దగ్గాడు. ఆమె దిద్దింది. మళ్లీ దగ్గాడు. ఒకరి తర్వాత ఒకరు అలా దగ్గుతుంటే పక్క షెడ్డులోని బిహారీ వెల్డర్ వచ్చి "క్యా హువా, తబియత్ ఖరాబ్ హై క్యా?" అని, మాకు ఒంట్లో బాగాలేదేమో అనుకుని అడిగాడు. స్టీరింగు మీద తల పెట్టుకున్న కూతురు ఫక్కున నవ్వింది. ముసలమ్మ కూడా నవ్వింది. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

నాకు చేతులు ఆగలేదు. ఇంజన్‌కు దగ్గు ఎలా నేర్పాలో అప్పటికే తలలో అంకెలు తిరుగుతున్నాయి. లాప్‌టాప్ కోసం లేచాను. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"పూజలో ఉంది. రేపు పొద్దున."

"పొద్దున్నే గుడికి పోవాలె గదన్నా. ఇప్పుడు పువ్వు తీస్తె అమ్మోరు ఏమంటది?"

"ఏమీ అనదు. కానీ నువ్వు అది తెరిస్తే వినడం మానేస్తావు. ఇవాళ పనిముట్లు పడుకున్నాయి కదా, నువ్వూ కూర్చో. విను చాలు."

ఒళ్లు మండింది గాని కూర్చున్నాను. నా ఉద్యోగంలో ఖాళీ చేతులతో ఇంజన్ గురించి విన్నది ఆ ఒక్కరోజే. దగ్గు నుంచి మాట ఎటెటో పోయింది. ఎద్దు కారును ఎందుకు పొడిచిందో, పెళ్లికూతుళ్లు ట్రాక్టర్ మీది నుంచి ఎలా తిట్టుకున్నారో, గుడి నుంచి తిరిగొస్తూ ఆయన కల్లు దుకాణం దగ్గర ఆపబోతే ఈమె తాళం ఎలా లాక్కుందో. తనకు చూపు పోయాక ఆయన పొద్దున కారు స్టార్ట్ చేస్తేనే తెల్లవారిందని తెలిసేదట. ముందు దగ్గు, తర్వాత గుర్రుమని చప్పుడు, ఆ తర్వాత చాయ్ నీళ్లు పొయ్యి మీద పెట్టుకోవడం.

వెళ్లేటప్పుడు ఆటోలో కూర్చుని అంది, "అది దగ్గుతె వస్త. లేకుంటె లేదు."

వాళ్లు వెళ్లాక అన్న విప్పి పెట్టిన పాత కార్బొరేటర్లను తిరగేసి చూశాడు. "ఎడమ కార్బొరేటర్ పంపు ఎప్పుడూ బలహీనంగానే ఉండి ఉంటుంది. కుడిపక్క ముందు అందుకుంటుంది. ఎడమపక్క దగ్గి దగ్గి వచ్చి కలుస్తుంది. అదమ్మాయ్ ఆయన దగ్గు" అన్నాడు. జబ్బు పడ్డ భాగాన్నే ఆమె ఇన్నేళ్లూ భర్త అనుకుని విన్నది. మేం జబ్బు నయం చేశాం.

దసరా పొద్దున కొబ్బరికాయ కొట్టగానే లాప్‌టాప్ మీది బంతిపువ్వు తీశాను. కుంకుమ కీబోర్డులోకి రాలింది, ఆ ఎరుపు ఆ తర్వాత ఎన్నడూ పోలేదు. స్టార్ట్ అయ్యే ఆ కాస్తసేపు ఎడమపక్క సిలిండర్లకు పెట్రోలు తగ్గించాను. మొదటిసారి అసలు స్టార్టే కాలేదు. మరోసారి పెద్ద టపాకాయలా పేలితే, వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. మళ్లీ మార్చాను. అన్న పక్కన నిలబడి తను దగ్గుతాడు, నేను ఇంజన్‌ను దగ్గిస్తాను, రెండు దగ్గులూ సరిపోయాయా లేదా అని చూసుకుంటాం. చదువుకున్న చదువంతా ఒక మంచి ఇంజన్‌ను కాసేపు చెడగొట్టడానికి వాడుతున్నాను. చివరికి ఒకసారి అది గునిసి, ఖళ్ అని, ఆగి, ఖళ్ ఖళ్ అని అందుకుంది. అన్న దగ్గడం ఆపేశాడు. ఇక అవసరం లేకపోయింది.

కారు కోసం షెడ్డుకు వచ్చిన కూతురు దాన్ని తీసుకుని ఊరికి బయల్దేరింది. మేమిద్దరం అన్న స్కూటర్ మీద వెనకాల వెళ్లాం. ఇంటి ముందు ఆపి, ఇంజన్ బంద్ చేసి, చల్లారేదాకా కూర్చున్నాం. ముసలమ్మ స్నానం చేసి, ఎర్రంచు చీర కట్టుకుని గడపలో నిలబడింది. కూతురు పెడలు రెండుసార్లు తొక్కింది. ఈ ఇంజన్‌కు ఆ తొక్కుడుతో పనే లేదు, అయినా కిర్రుమనే చప్పుడు కావాలి కదా. కాసేపు ఆగింది.

"లే తల్లీ" అంది. తాళం తిప్పింది.

కారు గునిసింది. దగ్గింది. మళ్లీ దగ్గి, అందుకుంది.

ముసలమ్మ తలుపు చట్రం గట్టిగా పట్టుకుంది. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. ఆ తర్వాత ఎవరి సాయం లేకుండా, గోడ పట్టుకోకుండా, చప్పుడు వైపు నడిచి వెళ్లి కారు తలుపు తీసుకుని తన సీట్లో కూర్చుంది.

గుడి దగ్గర జనం, బండ్లు, కొబ్బరి పీచు. దర్శనం అయ్యాక ఆమె మమ్మల్ని పిలిపించి చేతుల్లో జమ్మి ఆకు పెట్టింది. మా తెలంగాణలో దసరా నాడు దాన్ని బంగారం అంటాం. మా ఇద్దరి చేతులూ కలిపి పట్టుకుంది.

"మంచిగ చేసిన్రు. నా చెవులార విన్న. కడుపు నిండింది" అంది. "ఇగ ఆ దగ్గు తీసెయ్యుండ్రి."

నాకు అర్థం కాలేదు. "ఎందుకమ్మా? గట్ల దగ్గితెనే వస్తనంటివి గద?"

"నేను వినేదుండె, విన్న. నా బిడ్డకు పొద్దుగాల డ్యూటీ ఉంటది. నిన్న లేసినట్టు ఒక్కపారికే లేవాలె దానికి. ఆయన దగ్గు ఆయనతోటే పోనియ్యి. దాన్ని బిడ్డ మీద పెట్టి నేను పోతె ఎట్ల?"

కూతురు పక్కకు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. నేను తల ఊపాను. అన్న మాత్రం ఊరుకోలేదు. తిరుగు దారిలో స్కూటర్ మీద, గాలిలో వినబడేట్టు అరిచి చెప్పాడు. "తీసేయకమ్మాయ్. పక్కన పెట్టు."

అలాగే చేశాను. డ్యాష్‌బోర్డు కింద ట్రాక్టర్లకు వాడే చిన్న స్విచ్ ఒకటి బిగించాను. పైకి వేస్తే ఇంజన్ ఒక్కసారికే అందుకుంటుంది. కిందికి వేస్తే దగ్గుతుంది.

ముసలమ్మ మరో దసరా చూడలేదు. తర్వాత కొన్నేళ్లకు అన్న కూడా పోయాడు, పొద్దున్నే, టీ గ్లాసు చేతిలో ఉండగానే. ఆయన పనిముట్లు వాళ్లావిడ షెడ్డుకే ఇచ్చింది. ఆ షెడ్డూ ఇప్పుడు లేదు, పార్సిళ్ల గోడౌన్ అయింది. నేను పటేల్‌గూడలో ఉంటున్నాను. అప్పుడప్పుడు ఏదైనా సమస్యతో పిల్లలు వస్తారు. నేను లాప్‌టాప్ తెరిస్తే ఎరుపెక్కిన కీలు చూసి ఇదేంటని అడుగుతారు. చెప్పడం మొదలుపెడితే ఇంత కథ అవుతుందని ఇన్నాళ్లూ దాటేశాను.

కారు మాత్రం ఉంది. కూతురు దాన్ని ఒంటిచేత్తో నడిపేంత అలవాటు చేసుకుంది. రోజూ డ్యూటీకి అందులోనే వెళ్తుంది. స్విచ్ పైకి వేసే ఉంచుతుంది, తల్లి చెప్పినట్టే. ఏటా దసరాకు నన్ను గుడికి తీసుకెళ్లడానికి మా ఇంటికి వస్తుంది. నేను ముసలమ్మ కూర్చున్న సీట్లో కూర్చుంటాను. ఇంజన్ బంద్ చేసి ఉంటుంది. ఆమె చెయ్యి డ్యాష్‌బోర్డు కిందికి పోయి ఆగుతుంది.

"దగ్గనియ్యాల్నా అక్కా?"

ఆ దగ్గు తండ్రిదని ఆమె వింటుంది. నిజానికి ఆయన దగ్గు నేనెప్పుడూ వినలేదు. నేను ఇంజన్‌ను సరిపెట్టింది పక్కన నిలబడి దగ్గిన మనిషి దగ్గుకు. ముసలమ్మ ఒక్కసారి విని చాలనుకుంది. నాకు ఇన్నేళ్లయినా చాలలేదు.

"దగ్గనియ్యి బిడ్డా" అంటాను.